రెండో స్లాటు, నాలుగో స్లాటు

ఆగండి, ఆగండి. మదర్‌బోర్డు అనగానే పేజీ తిప్పేయకండి. ఇది మా అమ్మ కథ, మా వదిన కథ. మధ్యలో ఒక మదర్‌బోర్డు ఉంది, అంతే. కాస్త కుదురుగా కూర్చుని వినండి, ఎందుకంటే చివర్లో మిమ్మల్ని ఒకటి అడగాలి. మాటవరసకి కాదు, నిజంగానే అడుగుతాను.

మా వదిన పోయిన వేసవి మొదట్లో మా ఇంటికొచ్చింది. ఇంకా కట్టని ఇళ్ళకి ఫొటోలు తీయడం ఆవిడ పని. అంటే ఆర్కిటెక్టు గీసిన గీతలు తీసుకుని, కంప్యూటర్లో గోడలు లేపి, కిటికీలు పెట్టి, ఎండ ఎటునుంచి పడుతుందో చూసుకుని, అచ్చం నిజం గదిలాంటి బొమ్మ తయారుచేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ అడిగింది, "ఈ సోఫా ఎవరింట్లోదమ్మాయ్?" అని. "ఇంకా ఎవరింట్లోనూ లేదత్తయ్యా" అంది వదిన. అమ్మకి ఆ జవాబు తెగ నచ్చేసింది. షాపులో అందరికీ చెప్పుకుంది.

పెళ్ళికి వదిన ఆఫీసువాళ్ళంతా కలిసి ఏం కానుకిచ్చారో ఊహించండి. రెండు ర్యామ్ స్టిక్కులు! రిబ్బను కట్టిన పెట్టెలో, పక్కపక్కన పడుకోబెట్టి. అమ్మ పెట్టె తెరిచి, ఒకటి చేతిలోకి తీసుకుని, కింద వరసగా ఉన్న బంగారురంగు పళ్ళు చూసి, "దువ్వెనలా?" అంది. అన్నయ్య కింద పడి దొర్లినంత పని చేశాడు. ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేసుకోవడానికి సామాను పరుచుకునే బల్లలాంటిదని నేను విడమరిచి చెప్పాను. బల్ల ఎంత పెద్దదైతే వదిన అంత పెద్ద బిల్డింగు పరుచుకోవచ్చు. అమ్మ అంతా విని, "బాగానే ఉంది, జతగా ఇచ్చారు" అని రెండిటినీ మళ్ళీ పక్కపక్కన పడుకోబెట్టి రిబ్బను కట్టేసింది.

జత అనే మాట మా అమ్మ నోట్లో ఎన్నిసార్లు వస్తుందో మీకు తెలీదు. అమ్మ చెప్పుల షాపులో స్టాకు చూస్తుంది. నేను పుట్టకముందునుంచీ అదే షాపు. అక్కడ అద్దాల అరల్లో కుడికాలిదే పెడతారు, ఎడమకాలిది వెనక గదిలో పెట్టెలో ఉంటుంది. ఆ రెండిటినీ కలిపే బాధ్యత అమ్మది. ఎవరో హడావిడిలో ఏడో నంబరు ఎడమకాలు, ఎనిమిదో నంబరు కుడికాలు వేసుకుని వెళ్ళిపోయిన రోజు అమ్మ భోజనం చేయలేదు. "ఒంటి చెప్పుని ఎవడు కొంటాడే?" అని రోజంతా అదే. మా ఇంట్లో గుమ్మం దగ్గర చెప్పులు ఎడంగా ఉండవు, ఎవరు ఎలా విడిచినా అమ్మ కాలితో జరిపి జత చేసేస్తుంది. తను చేస్తున్నట్టు తనకే తెలీదు.

సరే, ఇప్పుడు అసలు గొడవ. వదిన పాత కంప్యూటర్లో ఈ స్టిక్కులు పట్టవు. అవి కొత్త రకం, గాడి వేరేచోట ఉంటుంది. ఈలోగా వదిన ఆఫీసులో ఒక ఏర్పాటైంది. వాళ్ళ ఆఫీసు ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారాలి. పెద్ద మేడం ఏమందంటే, ఈ వేసవిలో ఒక పిల్లల ఆసుపత్రి పని ఉంది, ఇంటినుంచే చెయ్యి, బొమ్మలన్నీ ఆటంకం లేకుండా టైముకి వస్తే ఇకమీదట ఇంటినుంచే, లేకపోతే రోజూ ఆఫీసుకి రావాల్సిందే అంది. రోజూ వెళ్ళాలంటే వదినా అన్నయ్యా ఆఫీసు దగ్గర అద్దెకి దిగాలి. ఆ మాట వినగానే అమ్మ, "ఇంత ఇల్లు పెట్టుకుని అద్దెకుంటారా? జనం నవ్వరూ?" అంది. అంతకంటే ఏమీ అనలేదుగానీ, ఆ రోజునుంచి వదినకి టీ రెండు గంటలకోసారి కాకుండా గంటకోసారి వెళ్ళడం మొదలైంది.

"కొత్త కంప్యూటర్ నేను బిగిస్తా" అన్నాను. నాకు డిగ్రీ సెలవులు, చేతులు దురదపెడుతున్నాయి, ఫోన్లో బిగించే వీడియోలు చూసీ చూసీ కళ్ళు వాచిపోయాయి.

"ఈ బుల్లెట్ ఇప్పటిదాకా బిగించింది మన ఫ్యాను రెగ్యులేటర్ ఒక్కటే" అన్నాడు అన్నయ్య. నేను వేగంగా మాట్లాడతానని ఆ పేరు పెట్టాడు. "అది ఇప్పటికీ ఐదుమీద పెడితే రెండుమీద తిరుగుతుంది."

"తిరుగుతోందా లేదా?" అన్నాను.

"బిగించనివ్వు" అంది వదిన. "నేను చూస్తాగా."

ఆ ఒక్క మాటకి నేను వదిన పార్టీలో చేరిపోయాను.

ఇక్కడ మీకో ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాత అర్థం కాదు. మామూలుగా జనం ముందు మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ గుచ్చే పెద్ద బోర్డు కొంటారు, ఆ బోర్డు తయారుచేసినవాళ్ళు మా దాంట్లో ఫలానా ఫలానా ర్యామ్‌లు పరీక్షించి చూశాం, పనిచేస్తాయి అని వాళ్ళ సైటులో పెడతారు, అందులోంచి ఒకటి కొనుక్కుంటారు. మనకి ర్యామ్ ముందొచ్చి కూర్చుంది. రాత్రి భోజనాల దగ్గర అదే చెప్పాను. "కోడలు వచ్చేసింది, ఇప్పుడు ఆవిడతో సర్దుకుపోయే అత్తగారిని వెతకాలి" అన్నాను.

నాన్నకి పొలమారింది. అన్నయ్య కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. వదిన నీళ్ళగ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"వెతకడం ఎందుకు?" అంది అమ్మ. "ఉన్నావిడ సరిపోదా?"

"అమ్మా, నేను బోర్డు సంగతి చెప్తున్నా."

"నేనూ బోర్డు సంగతే చెప్తున్నా" అంది అమ్మ, నాన్న వీపుమీద తడుతూ.

మర్నాడు వదినా నేనూ విడిభాగాల షాపుకి వెళ్ళాం. ఆ షాపతన్ని అందరూ గ్యారంటీ అన్న అంటారు, ప్రతి వస్తువుకీ గ్యారంటీ అంటాడు కాబట్టి, ఏ వస్తువుకీ ఇవ్వడు కాబట్టి. షాపు ఒక మెట్లకింది గది. గోడనిండా పెట్టెలు, మధ్యలో ఒక టేబులు ఫ్యాను, అది కూడా విడిభాగాలతో చేసిందే. నేను స్టిక్కుమీది నంబరు మొత్తం అరచేతిలో రాసుకెళ్ళాను, చివరి మూడక్షరాలతో సహా. ఆ చివరి అక్షరాల్లోనే అంతా ఉంటుంది. పైన పేరు ఒకటే, సైజు ఒకటే, వేగం ఒకటే, కానీ లోపల చిప్పులు మారిపోతుంటాయి. ఆ మారిన సంగతి చెప్పేది ఆ మూడక్షరాలే.

గ్యారంటీ అన్న ఒక బోర్డు బయటికి తీశాడు. రంగురంగుల లైట్లు, పైన వెండిరంగు కవచాలు.

"ఇది తీసుకెళ్ళు చెల్లెమ్మా. మొన్ననే ఒకబ్బాయి రెండు పట్టుకెళ్ళాడు."

"ఈ ర్యామ్ ఇందులో పరీక్షించారా అన్నా?" అని అరచెయ్యి చూపించాను.

నా అరచేతిని జోస్యం చెప్పేవాడిలా పట్టి చూశాడు. "మెమరీ అంటే మెమరీ. ఎందులో పెడితే అందులో పడుంటుంది. గ్యారంటీ."

"పడుండటం కాదు, పని చెయ్యాలి" అంది వదిన. ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. మా ఇంట్లో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

అక్కడే నిలబడి ఫోన్లో వెతికాను. లైట్ల బోర్డు సైటులో మా స్టిక్కు పేరుందిగానీ చివరి అక్షరాలు వేరు. పైగా ఆ వేగం ఒక్క స్టిక్కుకే రాశారు, రెండిటికి రాయలేదు. అడుగు అరలో ఇంకో బోర్డు ఉంది, నల్లగా, సాదాగా, స్కూలు యూనిఫాంలా. దాని సైటులో మా నంబరు చివరి అక్షరందాకా ఉంది, రెండు స్టిక్కులు కలిపి, పూర్తి వేగంతో. నేను ఎగిరి గంతేశాను. టేబులు ఫ్యానుకి జడ తగలబోయింది, వదిన పట్టి లాగింది.

"అది మామూలుది చెల్లెమ్మా" అన్నాడు గ్యారంటీ అన్న నిరుత్సాహంగా. "చూడటానికేం ఉండదు."

"మేం దాన్ని చూస్తూ కూర్చోం అన్నా" అంది వదిన.

బిగించిన రోజు చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఊపిరాడదు. హాల్లో భోజనాల బల్ల ఖాళీచేయించాను. అమ్మ సెలవు రోజు. స్క్రూలు కలిసిపోకుండా చెప్పుల పెట్టెల మూతలు తెచ్చి వరసగా పెట్టింది, ఒక్కో మూతలో ఒక్కో సైజు. అంత పద్ధతిగా ఏ వీడియోలోనూ చూడలేదు. ప్రాసెసర్ కూర్చోబెట్టాను, దానిమీద ఫ్యాను బిగించాను, తర్వాత ర్యామ్. బోర్డుమీద నాలుగు స్లాట్లున్నాయి. రెండు స్టిక్కులే ఉంటే రెండో స్లాటులో ఒకటి, నాలుగో స్లాటులో ఒకటి పెట్టాలి. పుస్తకంలోనూ ఉంది, బోర్డుమీద పక్కనే తెల్లక్షరాలతోనూ ఉంది. అదే సమయానికి పాలు పొంగిన వాసనొచ్చి అమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. ఆ పాలు ఆ క్షణంలో పొంగకపోతే ఈ కథే లేదు.

మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగానే ఉండిపోయింది. అన్నయ్య "రెగ్యులేటర్..." అని మొదలెట్టాడు. వదిన వాడి నోరు మూసింది. కొత్త ర్యామ్‌తో బోర్డు మొదటిసారి పరిచయం చేసుకోవడానికి కాస్త టైము పడుతుందని నేను చదివాను, చదివానుగానీ నా గుండె చదవలేదు కదా. చివరికి తెర వెలిగింది. స్టిక్కులు వాటి పూర్తి వేగంతో నడవడానికి సెట్టింగు ఆన్ చేసి, ర్యామ్ పరీక్ష పెట్టాను. సాయంత్రం దాకా నడిచినా ఒక్క తప్పు రాలేదు. వదిన నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. ఇద్దరం వెళ్ళి సోఫాకి గుద్దుకున్నాం, మా ఇంట్లో నిజంగా ఉన్న సోఫాకి.

పని మొదలైంది. ఆసుపత్రి లేస్తోంది. రిసెప్షను, మెట్లు, పిల్లల వార్డు, గోడలమీద చేపల బొమ్మలు. కంప్యూటర్ హాల్లో కిటికీ పక్కన. అమ్మ డ్యూటీ మధ్యాహ్నం నుంచి కాబట్టి పొద్దుటంతా ఇంట్లోనే. వదిన పక్కనే కుర్చీ వేసుకుని బటానీలు ఒలుస్తూ కూర్చునేది. "ఒక్కదానివే ఎంతసేపని చూస్తావు, తోడుంటా" అనేది. వదిన కిటికీ పెడితే, "అక్కడ కిటికీ పెడితే పిల్లలకి ఎండ కొట్టదూ?" అనేది. టీవీ సౌండు తీసేసి చూసేది, ఏదైనా విశేషం జరిగితే మాత్రం వదిన భుజం తట్టి చూపించేది. వదిన ప్రతిసారీ తల తిప్పి చూసి నవ్వి మళ్ళీ తెరవైపు తిరిగేది. ఆ నవ్వు రోజురోజుకీ చిన్నదవుతోంది. నాకు కనపడుతోంది, అమ్మకి కనపడట్లేదు.

ఒకరోజు వదిన అడిగేసింది. "అత్తయ్యా, నా టేబులు పై గదిలోకి మార్చుకోనా? పగలు మాత్రమే."

అమ్మ చేతిలో బటానీకాయ అలాగే ఆగిపోయింది. "పై గదా? అక్కడ మీ మావయ్య లిఫ్టు సామానుంది."

నాన్న లిఫ్టులు రిపేరు చేస్తారు. పాత బటన్లు, స్ప్రింగులు, తలుపు రోలర్లు అన్నీ పైన పోగేశారు. ఎప్పుడో పనికొస్తాయని.

"ఒక మూలకి సర్దుకుంటానత్తయ్యా."

"అయినా ఒకే ఇంట్లో పైన ఒకరు, కింద ఒకరు ఏంటి? వేరు కాపురంలాగా? ఇక్కడ నీకేం తక్కువైంది చెప్పు."

"తక్కువేం లేదత్తయ్యా."

"మరి?"

వదిన తెరవైపు తిరిగింది. తక్కువేం లేదు, అదే కదా ఇబ్బంది. ఆ మాట అమ్మకెలా చెప్తారు? ఆ సాయంత్రం అన్నయ్య రాగానే ఇద్దరూ డాబామీద చాలాసేపు మాట్లాడుకున్నారు. కిందికొచ్చాక అన్నయ్య మొహం ఇటు అమ్మవైపూ అటు వదినవైపూ కాకుండా గోడగడియారంవైపు తిప్పి భోజనం చేశాడు.

తర్వాత ఒకరోజు వదిన సగం పూర్తయిన బొమ్మలు చూపించడానికి ఆఫీసుకెళ్ళింది. అందరికీ నచ్చాయి. మర్నాటినుంచే మొదలైంది జబ్బు.

పెద్ద బొమ్మ తయారవుతుండగా కంప్యూటర్ దానంతటదే ఆరిపోయి మళ్ళీ వెలిగేది. మొదటిసారి కరెంటనుకున్నాం. రెండోసారి ఎండ వేడి అనుకున్నాం. మూడోసారి అందరూ నావైపు చూశారు. నేను ఆ వేగం సెట్టింగు తీసేశాను. ఆరిపోవడం ఆగింది, కానీ నత్తలా తయారైంది. ఒక్క వార్డు బొమ్మకి పూటంతా పట్టేది. మళ్ళీ సెట్టింగు పెడితే మళ్ళీ ఆరిపోయేది. విప్పి చూస్తానంటే వదిన, "ఇప్పుడొద్దు బుల్లెట్టూ, ఇది అయిపోనీ" అనేది. అది అయ్యేలోపు ఇంకోటి, రాత్రిళ్ళు కూడా. కుర్చీ ఖాళీ అవ్వందే నేనెలా విప్పను? రోజంతా ఫోన్లో అడిగినవాళ్ళనే మళ్ళీ అడిగాను. ఒకరు ర్యామ్ అన్నారు, ఒకరు బోర్డు అన్నారు, ఒకాయన నా రాశి అడిగాడు.

"లైట్లది తీసుకోమన్నానా లేదా?" అన్నాడు గ్యారంటీ అన్న ఫోన్లో, సంతోషం దాచుకోకుండా. "పట్రా, మార్చి ఇస్తా. గ్యారంటీ."

"అంత వెతికి వెతికి ఎంచావు కదే" అన్నాడు అన్నయ్య. వేళాకోళం కాదు. అదే ఎక్కువ బాధేసింది.

వదిన మాత్రం నన్నేమీ అనలేదు. పెద్ద మేడం ఫోను చేస్తే, "మేడం, రేపటికి ఇస్తాను" అంది. ఆ మర్నాడు కూడా అదే మాట. తర్వాత ఫోను పెట్టేసి, అన్నయ్యతో మెల్లగా, "అద్దె ఇల్లు చూద్దాం. ఆఫీసు మెషీన్లమీదే చేసుకుంటా" అంది. పక్కనే ఉన్న అమ్మ బటానీల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అక్కడినుంచి, "వెళ్తే వెళ్ళండి. నేనెవర్ని ఆపడానికి" అని వినపడింది. కుళాయి తిప్పి మరీ అంది, వినపడకూడదని.

వాళ్ళిద్దరూ ఇల్లు చూడ్డానికి వెళ్ళిన మధ్యాహ్నం. అమ్మ సెలవు రోజు. కంప్యూటర్ ఖాళీ. బోర్డు ఊడదీసి గ్యారంటీ అన్న మొహాన కొట్టాలని స్క్రూడ్రైవర్ తీశాను. అమ్మ మాట్లాడకుండా చెప్పుల పెట్టెల మూతలు తెచ్చి పెట్టింది, మొదటి రోజులాగే. పక్క పలక తీశాను. లోపల ఎంత శుభ్రంగా ఉందో! వేసవంతా దుమ్ము, మా ఇల్లు రోడ్డుపక్కన, అయినా అద్దంలా ఉంది. తర్వాత ర్యామ్ వైపు చూశాను.

ఒకటో స్లాటులో ఒకటి. రెండో స్లాటులో ఒకటి. పక్కపక్కన, అరలో చెప్పుల పెట్టెల్లా.

"అమ్మా, వీటినెవరు ముట్టుకున్నారు?"

"వేటిని?" వంగి చూసింది. "ఓ, అవా. నేనే." గ్యాసు కట్టేశానన్నంత మామూలుగా అంది. "మీ వదిన ఆఫీసుకెళ్ళిన రోజు, నువ్వు లేవకముందే దులిపాను. నువ్వు పలక ఎలా తీశావో చూశాగా. ప్లగ్గు తీసే చేశాలే, షాపు బ్రష్షుతో, మెత్తటిది. అవి రెండూ ఎడంగా ఉన్నాయి. పాలు పొంగిన హడావిడిలో అలా పెట్టేశావేమో అనుకున్నా. జత కదా, ముందు అరనుంచి సర్దేశాను."

నేనేం మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మా ఇంట్లో ఎంత వింతంటే, అమ్మ వెంటనే కళ్ళజోడు పెట్టుకుంది.

"ఏమే? తప్పా?"

"అవి ఎడంగానే ఉండాలమ్మా."

"ఎందుకు?"

"పక్కపక్కన పెడితే రెండూ ఒకే దారిలో వెళ్ళాలి. ఒకదానికొకటి అడ్డం పడతాయి. మధ్యలో ఒకటి ఖాళీ వదిలితే దేని దారి దానిది. అప్పుడే రెండూ కలిసి బాగా పనిచేస్తాయి."

"కలిసి పనిచెయ్యాలంటే ఎడంగా ఉండాలా?"

"ఊఁ."

"ఎవరు చెప్పారు?"

"ఇదిగో, ఇక్కడే రాసుంది."

అమ్మ మొహం బోర్డుకి ఆనేంత దగ్గరగా పెట్టి చూసింది. "ఇంత చిన్నక్షరాలు ఎవరు చూస్తారు?" అంది. ఒక స్క్రూ తీసి ఒక మూతలోంచి ఇంకో మూతలో వేసింది, మళ్ళీ తీసి మొదటిదాంట్లోనే వేసింది. "అయితే ఇన్ని రోజులూ ఆ అమ్మాయి అవస్థపడింది దీనివల్లేనా?"

అవునన్నట్టు తలూపాను.

ఒకటో స్లాటులోది నేను బయటికి తీశాను. నాలుగోదాంట్లో పెట్టబోతుంటే, "ఇటివ్వు" అంది. రెండు బొటనవేళ్ళతో, బిగుతు చెప్పులో మడమ దింపినట్టు మెల్లగా అదిమింది. టక్కుమంది. మధ్యలో ఖాళీగా ఉన్న మూడో స్లాటుని కాసేపు చూసింది. అంతే, వెళ్ళి టీ పెట్టింది. నాకు, తనకి. రెండే కప్పులు.

వదినావాళ్ళు వచ్చేసరికి ర్యామ్ పరీక్ష నడుస్తోంది, ఒక్క తప్పు లేదు. "ఇల్లు బాగానే ఉంది, రేపు చెప్తామన్నాం" అంటూ అన్నయ్య లోపలికొచ్చాడు. నేను వదిన చెయ్యి పట్టి లాక్కొచ్చి అన్నిటికంటే బరువైన బొమ్మ పెట్టించాను, పూర్తి వేగంతో. తయారైపోయింది. ఇంకోటి. అదీ అయిపోయింది. వదిన కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఏమైంది దీనికి ఇన్నాళ్ళూ?" అంది వేళ్ళ సందులోంచి.

అమ్మ సింకు దగ్గర రెండు కప్పులూ కడుగుతోంది. కడిగినవే కడుగుతోంది.

"ర్యామ్ స్లాటులో సరిగ్గా కూర్చోలేదు వదినా" అన్నాను. అబద్ధమా? పూర్తిగా కాదు కదా.

"స్లాటు వదులా? బోర్డు తప్పేనన్నమాట."

నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు.

మర్నాడు పొద్దున్నే పైనుంచి ధడధడా చప్పుడు. లేచి చూస్తే నాన్న చేతినిండా లిఫ్టు బటన్లతో మెట్లు దిగుతున్నారు. వెనకాల అమ్మ, స్ప్రింగుల బుట్టతో.

"ఏమోయ్, ఇవి ఎప్పటికైనా పనికొస్తాయి" అంటున్నారు నాన్న.

"కింద కూడా పనికొస్తాయిలెండి. నడవండి."

వదిన జుట్టు ముడేసుకుంటూ గదిలోంచి వచ్చి నిలబడిపోయింది. అమ్మ ఆగకుండానే, "పైన గాలి బాగా వస్తుందమ్మాయ్. కంప్యూటరుకి వేడి తగలకూడదట, మీ ఆడపడుచు చెప్పింది. టేబులు సాయంత్రం మీ ఆయన చేత ఎక్కించుకో" అంది. నేను అలాంటిదేం చెప్పలేదు. తలుపు పక్కన నిలబడి గట్టిగా తలూపాను.

"మరి... మీరు పొద్దున పూట..." అంది వదిన.

"బటానీలు నేను కిందైనా ఒలవగలను" అంది అమ్మ.

టీ మాత్రం ఆగలేదు. కానీ మెట్ల కింద నిలబడి పిలిచేది, పైకెక్కేది కాదు. కొన్నాళ్ళకి వదినే పని ఆపి కప్పు పట్టుకుని కిందికొచ్చి, అమ్మ పక్కన కూర్చుని, సౌండు పెట్టి టీవీ చూడటం మొదలెట్టింది. అద్దె ఇంటాయనకి అన్నయ్య ఏం చెప్పాడో నాకు తెలీదు, ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆసుపత్రి పూర్తయింది. పిల్లల వార్డులో ఆ కిటికీ లేదు, ఎండ కొడుతుందని వదిన పక్క గోడకి మార్చింది. పెద్ద మేడం ఇంటినుంచే చేసుకోమంది. వేసవి అయిపోయింది, వానలొచ్చాయి, నా కాలేజీ తెరిచారు.

కథ ఇక్కడితో ఆపేద్దును. కానీ నిన్నటి సంగతి ఉంది.

వదిన ఆఫీసులో అందరికీ కొత్త కంప్యూటర్లు బిగించాలట. పెద్ద మేడం వదినని అడిగింది, వదిన నా పేరు చెప్పింది. నా పేరు! నా మొట్టమొదటి నిజమైన పని! అందరికీ అదే రకం ర్యామ్ కొనేశారట. నిన్న సాయంత్రం హాల్లో సోఫామీద నా పక్కన కూర్చుని, ఫోన్లో మేడంకి రాస్తూ అంది, "బోర్డు మాత్రం మనది వద్దులే. స్లాట్లు వదులు కదా, అంతమందికి అదే అవస్థైతే కష్టం. ఆ గ్యారంటీ అన్న లైట్ల బోర్డే రాసేస్తున్నా. సరేనా?"

సరే ఎలా అవుతుంది? ఆ ర్యామ్‌కి ఆ లైట్ల బోర్డు సరిపడదని నాకు తెలుసు. సరిపడేది మనదే. అందులో ఏ లోపమూ లేదు. తప్పు నాదే, నేనే తప్పు స్లాటులో పెట్టానని చెప్పేయొచ్చు. అప్పుడు ఆ పని నాకెవరిస్తారు? అమ్మే జరిపిందని నిజం చెప్పొచ్చు. అప్పుడు వదినకి ఆ వేసవి మొత్తం ఇంకోలా కనపడుతుంది. పై గది కూడా.

ఎదురుగా అమ్మ ఉతికిన సాక్సులు జతలు చేస్తోంది. చేతిలో ఒకటే ఉంది. రెండోది ఒళ్ళోనే ఉన్నా వెతకట్లేదు. నావైపు చూస్తోంది.

"ఏంటే బుల్లెట్టూ, మాట్లాడవేం?" అంది వదిన, వేలు ఫోనుమీద పెట్టి.

ఆలోచించుకుని రేపు చెప్తానన్నాను. ఆ రేపు ఇవాళే. పైన కుర్చీ జరిగిన చప్పుడైంది, వదిన టీకి దిగుతోంది. తొందరగా చెప్పండి, మీరైతే ఏమంటారు?